పక్షుల రింగింగ్‌లో వచ్చే చిక్కులు: కారణాలు, పరిష్కారాలు

తమిళనాడు తీరంలోని కోడియక్కరైకి రింగింగ్‌లో, అంటే పిట్టలను వలతో పట్టి కాలికి నంబరున్న చిన్న రింగు వేసి వదిలే పనిలో, సాయం చేయడానికి వెళ్తామని ప్రతి అక్టోబరులో మా కర్నూలు పిల్లలు కొందరు అడుగుతుంటారు. గార్గేయపురం చెరువు గట్టు మీద నిలబడి బైనాక్యులర్స్‌లో చూసిన పిట్టే చేతిలోకి వచ్చి, దాని గుండె టకటకా కొట్టుకోవడం వేళ్ళకు తెలుస్తుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ప్రాక్టీసు పేరుతో ఊళ్ళో వల కట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పిట్టను పట్టడం నేరం.

తెల్లారిపోయింది, వల ఖాళీగా ఉంది

వల పిట్టకు కనిపిస్తోందన్నమాట. ఎండ పడితే సన్నటి నైలాన్ దారం కూడా మెరుస్తుంది. లేదా వలను మరీ బిగించి కట్టి ఉంటారు, పిట్ట తగిలి వెనక్కి ఎగిరిపోతుంది. చీకటి ఉండగానే, వెనక పొద ఉన్న నీడ చోట కట్టాలి. దారాలు కాస్త వదులు చేస్తే వల కింద సంచిలా జారుతుంది, పిట్ట అందులో పడుతుంది. గాలి ఎక్కువైనా, చినుకు పడినా వల మూసేయాల్సిందే.

పిట్ట వలలో మెలికలు పడింది

చాలావరకు మనం ఆలస్యంగా వెళ్ళడమే కారణం. ఎంతసేపు వేలాడితే అన్ని మెలికలు. అందుకే తిరిగి తిరిగి చూస్తూ ఉండాలి, ఎండెక్కేకొద్దీ ఇంకా తరచుగా.

విడిపించేటప్పుడు ముందు అది ఏ వైపు నుంచి పడిందో చూడండి. ఆ వైపు దాని పొట్ట మీద దారం ఉండదు. అక్కడి నుంచే మొదలుపెట్టి ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, చివరికి తల. పిగిలిపిట్ట గోళ్ళతో దారాన్ని గట్టిగా పట్టేస్తుంది. వేళ్ళను ఒక్కొక్కటిగా లాగొద్దు, కాలు మెల్లగా చాపితే వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి. రెండు మూడు నిమిషాల్లో రాకపోతే అనుభవమున్నవాళ్ళను పిలవండి, అందులో నామోషీ ఏమీ లేదు. 1986లో మన కడప జిల్లాలో, అంతరించిపోయిందనుకున్న కలివి కోడి అనే పిట్ట మళ్ళీ దొరికింది ఐతన్న అనే స్థానికుడి చేతికే. చదువుతో రాని పనితనం కొందరి వేళ్ళలో ఉంటుంది. వాళ్ళకూ రాకపోతే దారం కత్తిరిస్తారు. వల మళ్ళీ కొనుక్కోవచ్చు.

నోరు తెరిచి రొప్పుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి

వేడి, భయం, లేదా మన పట్టు. పిట్ట ఊపిరి తీసుకోవాలంటే ఎదురొమ్ము కదలాలి. గుప్పిట బిగిస్తే ఊపిరాడదు. మెడను చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఉంచి, మిగతా చెయ్యి వదులుగా పట్టాలి. నీడలో గుడ్డసంచిలో కాసేపు ఉంచండి. తేరుకుంటే కొలతలు, రింగు ఏమీ లేకుండా వదిలేయండి. ఆ ఒక్క లెక్క పోతే పోయింది.

ఉల్లంకి కాళ్ళ మీద నిలబడలేకపోతోంది

పెనుగులాట వల్ల, ఎక్కువసేపు పట్టుకోవడం వల్ల కండరాలు దెబ్బతింటాయి. పొడుగుకాళ్ళ పిట్టలకు ఈ ప్రమాదం ఎక్కువ. వచ్చాక బాగుచేయడం కష్టం, రాకుండా చూసుకోవాలి. కాళ్ళు వేలాడేలా పట్టొద్దు, ఇరుకు సంచిలో కుక్కొద్దు. ముందు వీటి పనే ముగించండి.

రింగు సరిగా మూసుకోలేదు

సైజు తప్పు, లేదా ప్లయర్ ఒకవైపే నొక్కారు. అంచులు రెండూ కలవాలి. సందు ఉండకూడదు, ఒకదాని మీదకి ఒకటి ఎక్కకూడదు. రింగు కాలి మీద సులువుగా తిరగాలి, పాదం మీదకి జారకూడదు. గోటితో విప్పబోతే ఆ సన్నటి కాలు విరుగుతుంది, రింగర్‌కు ఇచ్చేయండి. ప్రాక్టీసుకు వేపపుల్ల చాలు.

పుస్తకంలో నంబరు తేడా వచ్చింది

"ఫిఫ్టీన్" అన్నది "ఫిఫ్టీ" అని వినపడుతుంది. అంకెలు విడివిడిగా చదవండి, రాసినవాళ్ళు తిరిగి చదివి వినిపించాలి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నాయకత్వంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో మొదలుపెట్టిన వలస పక్షుల పరిశోధన నుంచీ ఆధారమంతా ఈ అంకెల మీదే. ఒక్క అంకె తప్పితే, సైబీరియాలో దొరికిన ఉల్లంకి మన పుస్తకంలో పిగిలిపిట్ట అవుతుంది.

మన చెరువుల దగ్గరే రింగున్న పిట్ట కనిపిస్తే, బతికున్నదాని నుంచి రింగు తీయొద్దు. నంబరు, తేదీ, చోటు రాసుకుని, వీలైతే ఫొటో తీసి ఆ సొసైటీకి పంపండి.