మీ ఫోన్‌కి నావిక్ అందుతోందా? మేడెక్కి చూడండి

ఫోన్ డబ్బా మీద నావిక్ (జీపీఎస్ లాగా లొకేషన్ చెప్పే మన దేశపు ఉపగ్రహాల వ్యవస్థ) అని రాసి ఉందని సంబరపడక్కర్లేదు, లేదని దిగులూ వద్దు. పావుగంటలో మీరే తేల్చుకోవచ్చు.

ఆండ్రాయిడ్ అయితే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని మేడ మీదకెళ్లండి (హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని "రావట్లేదండీ" అనేవాళ్లే ఎక్కువ), ఆకాశం బాగా కనిపించే చోట ఓ పది నిమిషాలు ఆగండి. ఉపగ్రహాల పట్టిక వస్తుంది, పక్కనే దేశాల జెండాలు. మన జెండా కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేయకండి, అదే వరుసలో ఏ, ఈ, యూ అనే అక్షరాలు చూడండి. యూ ఉంటేనే మీ లొకేషన్ లెక్కలోకి ఆ ఉపగ్రహాన్ని తీసుకున్నట్టు. జెండా ఉండి యూ లేకపోతే అది పెళ్లికి వచ్చి భోంచేయకుండా వెళ్లిపోయిన చుట్టం లాంటిదే.

తర్వాత సీఎఫ్ అనే గడి, అంటే ఫ్రీక్వెన్సీ. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 2013 జులైలో మొదలుపెట్టి పంపిన పాత నావిక్ ఉపగ్రహాలు ఎల్5 (1176.45 మెగాహెర్ట్జ్), ఎస్ బ్యాండ్ అనే రెండు ఫ్రీక్వెన్సీల్లో తప్ప మాట్లాడవు. మన మామూలు ఫోన్లలో చాలావాటికి వినిపించేది జీపీఎస్ వాడే ఎల్1 (1575.42) ఒక్కటే, అందుకే నెత్తి మీదే ఉన్నా ఇన్నేళ్లూ మనకి అందలేదు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 అనే కొత్త తరం ఉపగ్రహంతో నావిక్‌కి ఎల్1 కూడా వచ్చింది. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకి చేరలేకపోయింది. కాబట్టి ఎల్1 ఒక్కదాన్నే నమ్ముకోలేం, కొనేటప్పుడు నావిక్ అనే మాటతో సరిపెట్టుకోకుండా ఎల్5 కూడా ఉందా అని అడగండి.

అప్‌డేట్ చేస్తే వస్తుందా అంటారా? యాంటెన్నా, చిప్ ఎల్5ని ఇప్పటికే పట్టుకుంటుంటే రావచ్చు. లేకపోతే రాదు, ఎఫ్‌ఎం రేడియోలో మీడియం వేవ్ కోసం ఎంత తిప్పినా రానట్టే. ఐఫోన్‌లో ఈ జెండాల ముచ్చట లేదు, స్పెసిఫికేషన్లు చూసుకోవడమే: 15 ప్రో, ప్రో మ్యాక్స్‌లలో నావిక్ ఉంది, మామూలు 15లో లేదు.

పొలాల సర్వేకి రోవర్ (పొలంలో తిప్పుతూ కొలిచే ఉపగ్రహ రిసీవర్) వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. మేం ఓసారి కొత్త రోవర్ తెచ్చి పాత బేస్‌కి (ఒకచోటే ఉండి రోవర్‌కి కరెక్షన్లు పంపే రిసీవర్) కలిపాం, తెర మీద బోలెడు ఉపగ్రహాలు కనిపిస్తున్నా మామిడితోటలో ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వంతో లొకేషన్) రాక సగం రోజు పోయింది. తీరా చూస్తే బేస్ పంపుతున్నవి 1004, 1012 నంబర్ల మెసేజ్‌లు, అంటే జీపీఎస్, రష్యా వాళ్ల గ్లోనాస్‌లకే కరెక్షన్. యూరప్ వాళ్ల గెలీలియోకి 1094 లేదా 1097, చైనా వాళ్ల బైడూకి 1124 లేదా 1127 ఆన్ చేయాలి. బేస్ ఆ ఉపగ్రహాలనే పట్టుకోలేనిదైతే మాత్రం సెట్టింగుల్లో ఎంత వెతికినా లాభం లేదు, మార్చాల్సింది బేస్‌నే.