పిల్లి పక్కనుండగా బొంత కుట్టడం: సమస్యలు, పరిష్కారాలు

శరదృతువు వచ్చిందంటే పొద్దు త్వరగా గూకుతుంది. లైటు వేసుకుని బొంత ముందేసుకోగానే మా పిల్లి కూడా పనిలోకి దిగుతుంది. దాని సాయం వల్ల వచ్చిన చిక్కులు, కొన్ని నా సొంత తప్పులు ఇక్కడ రాస్తున్నాను.

గుడ్డ అడుగున దారం గూడు కట్టింది
ముందు కుట్టు మిషన్లో కింది దారం చుట్టి ఉండే బాబిన్‌నే తిట్టుకుంటాం. తప్పు చాలాసార్లు పైదారానిది, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య అది సరిగ్గా కూర్చోలేదు. రీలు తిరగడం చూసి పిల్లి ఒక్క పంజా విసిరినా దారం పక్కకు జారిపోతుంది. గుడ్డను అదిమిపట్టే ఫుట్ పైకెత్తి మొదటి నుంచి దారం ఎక్కించండి. ఫుట్ దించి ఉంటే బిళ్లలు బిగుసుకుని దారాన్ని లోపలికి రానివ్వవు. అయినా తగ్గకపోతే బాబిన్ కేసు తీసి చూడండి, నూగులో వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. బ్రష్‌తో తీయాలి. నోటితో ఊదితే ఇంకా లోపలికి పోతాయి.

తెల్లగుడ్డ కింద నల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి
పగటి వెలుగు తగ్గేకొద్దీ పిల్లి బొచ్చు మారుతుంది, అందుకే ఈ రోజుల్లో ఎక్కువ రాలుతుంది. పైగుడ్డ, దూది, కింది గుడ్డ పొరలు పరిచే ముందే తడి రబ్బరు గ్లవ్‌తో తుడవండి. కుట్టేశాక చేయగలిగింది లేదు.

వెనక గుడ్డ ముడతలు పడింది
కింది గుడ్డ బిగువుగా లేదు, లేదా పిన్నులు దూరంగా ఉన్నాయి. పిల్లి అడుగున దూరితే పొరలు ఇట్టే జరుగుతాయి. గుడ్డను తిరగేసి నేలకు టేపుతో అంటించి, 4 అంగుళాలకొక పిన్నీసు పెట్టండి. గుండుసూదులు వద్దు, రాలి దాని పాదాల కిందకే వస్తాయి. పడ్డ ముడత ఇస్త్రీకి పోదు. అక్కడి కుట్టు విప్పాల్సిందే.

గోరు తగిలి కుట్టు ఉచ్చులా పైకి లేచింది
కత్తిరించకండి, కుట్టు వదులవుతుంది. సూది మొనతో పక్క కుట్టును కొంచెం ఎత్తి, మిగిలిన దారాన్ని అందులోకి లాగండి. తర్వాత దాని పక్కది. ఏడెనిమిది కుట్లకు పంచితే ఉచ్చు మాయమవుతుంది.

దారం ముక్క కనిపించడం లేదు, పిల్లి వాంతి చేసుకుంటోంది
ఇది మాత్రం నిజంగా టెన్షన్ పడాల్సిన సంగతి. పిల్లి నాలుక మీది ముళ్లు వెనక్కి తిరిగి ఉంటాయి. దారం నోట్లో పడితే ఉమ్మడం కష్టం, మింగడమే తేలిక. ఒక కొస నాలుక కింద చిక్కుకుంటే, నాడా లాగినప్పుడు కుచ్చులు పడ్డట్టు పేగులు దగ్గరకు ముడుచుకుంటాయి. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, పేగు కోసుకుపోవచ్చు. వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. తిండి మానేసినా అంతే. దారం ఎక్కించిన సూదిని సూదిదిండుకు గుచ్చి లేచి వెళ్లే అలవాటు నాకూ ఉండేది. ఇప్పుడు మూత ఉన్న డబ్బా లేకుండా కూర్చోను.

ముదురు నీలం బదులు నలుపు కుట్టేశారు
దీనికి పిల్లిని అనకండి. రంగులు పగలే ఎంచి పెట్టుకోండి.

ఎంత తోసినా బొంత మీదకే వస్తోంది
ఇస్త్రీ చేసిన గుడ్డ వేడి, లైటు వేడి దానికి హాయి. అంతకంటే వెచ్చటి చోటు చూపించాలి. మిగిలిన దూది పొర ముక్కల్ని అట్టపెట్టెలో పరిచి లైటుకు దగ్గరగా పెట్టాను. మొదటి రెండు రోజులు అటువైపు చూడలేదు. మూడో రోజు పెట్టెలో ముడుచుకుని పడుకుంది, తోక మాత్రం బొంత మీదే.