పోరాటంలో కదలిక నియమం తేలనప్పుడు తీర్పు ఎలా చెప్పాలి

పాచికలతో బల్ల మీద ఆడే పాత్రల ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో కదలిక మీద వచ్చే వాదనలు చాలావరకు నియమం లేక పుట్టేవి కావు. పాత్ర స్పీడ్ (ఒక టర్న్‌లో, అంటే తన వంతులో, కదలగల దూరం, అడుగుల కొలతలో) వేరు, ఈ టర్న్‌లో ఖర్చయిన అడుగులు వేరు. ఈ రెండూ కలిసిపోయిన చోటే గొడవ మొదలవుతుంది. అందుకే ఆట నడిపే డంజియన్ మాస్టర్ ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ నియమం స్పీడ్‌నే మారుస్తోందా, లేక స్పీడ్‌ను అలాగే ఉంచి ఒక్కో అడుగు ఖర్చును పెంచుతోందా?

పట్టుకున్న శత్రువును ఈడ్చుకెళ్లే నియమంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2014 నియమాల్లో ఈడ్చేవాడి స్పీడ్ సగమవుతుంది: 30 కాస్తా 15. 2024 సవరణలో స్పీడ్ 30గానే ఉంటుంది, కదిలే ప్రతి అడుగుకీ ఒక అడుగు అదనపు ఖర్చు పడుతుంది. మామూలు నేల మీద రెండింటికీ ఫలితం 15 అడుగులే. బురద డిఫికల్ట్ టెర్రైన్, అంటే అడుగుకు రెట్టింపు ఖర్చయ్యే నేల, అక్కడ లెక్క మారిపోతుంది. పాత నియమంతో 15లో సగం, అంటే ఒక్క గడి (గడి అంటే 5 అడుగులు). కొత్త నియమంతో అడుగుకు మూడు ఖర్చు, అంటే 10 అడుగులు, రెండు గడులు. మీ బల్ల మీద ఏ సంవత్సరపు పుస్తకం నడుస్తోందో ఆట మొదలవకముందే అందరికీ తెలియాలి.

కింద పడ్డవాడు లేవడానికి స్పీడ్‌లో సగం ఖర్చవుతుంది. మిగిలిన కదలికలో సగం కాదు. 30 స్పీడ్ ఉన్న పాత్ర 20 అడుగులు నడిచి జిడ్డు మీద జారిపడితే, లేవడానికి 15 కావాలి, చేతిలో ఉన్నవి 10. కాబట్టి లేవలేదు. పాకితే అడుగుకు రెండు ఖర్చు, కనుక ఒక గడి పాకగలదు. ఆ పక్క గడి కూడా డిఫికల్ట్ టెర్రైన్ అయితే అడుగుకు మూడు, అంటే 15 కావాలి, అదీ కుదరదు. యాక్షన్‌తో (టర్న్‌లో చేయగల ప్రధాన పని) డ్యాష్ చేస్తే, అంటే స్పీడంత అదనపు కదలిక తీసుకుంటే, ఇంకో 30 కలిసి 40 అవుతాయి. లేచాక 25 మిగులుతాయి.

ఒకే గడిలో బురదా ముళ్లపొదా రెండూ ఉన్నాయని ఖర్చు రెండుసార్లు వేయకండి. డిఫికల్ట్ టెర్రైన్‌కు కారణాలు ఎన్ని ఉన్నా అదనపు ఖర్చు ఒక్కసారే. పాకడం మాత్రం విడి కారణం, అందుకే అది దానికి కలుస్తుంది. గ్రిడ్ (గడుల పటం) మీద ఆడుతుంటే అడుగు పెట్టే గడి ఖర్చే కట్టాలి. బురద గడి నుంచి పొడి గడిలోకి వస్తే 5 చాలు.

నడక 30, ఎగరడం 60 ఉన్న జీవికి 90 అడుగులు రావు. ఇప్పటిదాకా కదిలిన దూరాన్ని కొత్త స్పీడ్ నుంచి తీసేయాలి. 20 నడిచి ఎగిరితే 40 మిగులుతాయి. ముందే 40 ఎగిరితే ఆ టర్న్‌లో ఇక నడక లేదు.

ఆపర్చునిటీ అటాక్ (దూరమవుతున్నవారి మీద శత్రువు వేసే దెబ్బ) విషయంలో అడగాల్సింది వేరు: మీరు శత్రువు అందుబాటు దాటి బయటికి వెళ్లారా? అతని చుట్టూ పక్క గడుల్లో తిరిగితే దెబ్బ పడదు. 10 అడుగుల రీచ్ (దెబ్బ అందే దూరం) ఉన్న రాక్షసుడి పక్క నుంచి ఒక్క గడి వెనక్కి వేసినా పడదు, ఎందుకంటే ఇంకా అతని రీచ్‌లోనే ఉన్నారు. దాటితే దెబ్బ పడేది దాటడానికి సరిగ్గా ముందు. అక్కడే కుప్పకూలితే పాత్ర పాత గడిలోనే ఉంటుంది. ఎవరో తోస్తే కదిలిన కదలికకు ఈ దెబ్బ వర్తించదు. కానీ భయపెట్టే మంత్రం వల్ల బాధితుడు తన రియాక్షన్ (జరిగినదానికి వెంటనే స్పందించే అవకాశం) వాడి పారిపోతే వర్తిస్తుంది. ఇష్టంతో కదిలాడా లేదా అన్నది కాదు, ఎవరి కదలిక, ఎవరి యాక్షన్, ఎవరి రియాక్షన్ ఖర్చయిందన్నదే చూడాలి.

వికర్ణ గడుల సంగతి ముందే తేల్చుకోండి. ఐదో ఎడిషన్‌లో మామూలు లెక్క ప్రతి గడికీ 5. ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో మార్చి మార్చి 5, 10, 5, 10. ఐదో ఎడిషన్‌లో గోడ మూలను కోసుకుంటూ వికర్ణంగా వెళ్లడం కుదరదు.

నియమమే నిజంగా మౌనంగా ఉన్న చోటు దూకడం. స్ట్రెంత్ (బలం) 16 ఉన్నవాడు 10 అడుగులు పరిగెత్తి 16 అడుగులు దూకగలడు. నిలబడి దూకితే 8. గొయ్యి వెడల్పు 15 అడుగులు, మూడు గడులు. అంచు నుంచి అంచుకు 15 కనుక దాటగలగాలి. గడులు లెక్కిస్తే దిగే గడితో కలిపి నాలుగు, అంటే 20, కాబట్టి దాటలేడు. ఇక్కడ మేం సిఫార్సు చేసే తీర్పు ఇది: దూకగలడా అన్నది అంచు నుంచి అంచుకు కొలవండి, ఖర్చు మాత్రం గడుల్లో కట్టించండి. పరుగు 10, దూకడం 20, సరిగ్గా 30 అయిపోతాయి. పాత్ర బలానికి విలువ దక్కుతుంది, గ్రిడ్ లెక్క కూడా చెదరదు.

ఇలాంటి చోట పుస్తకం తిరగేయడానికి ఒక నిమిషం మించి ఇవ్వకండి. సాధారణ నియమానికీ ఒక మంత్రం లేదా సామర్థ్యం చెప్పిన ప్రత్యేక మాటకూ పేచీ వస్తే ప్రత్యేకమైనదే గెలుస్తుంది. రెండూ తేల్చకపోతే తీర్పు చెప్పి కాగితం మీద రాయండి. ఆ పోరాటం ముగిసేదాకా రాక్షసులకూ అదే వర్తించాలి. లేకపోతే ఆటగాళ్లు ప్రతి గడి దగ్గరా బేరం మొదలుపెడతారు. మీ తీర్పు తెలియకముందు ఎవరైనా బొమ్మ జరిపి ఉంటే, పాచిక పడనంతవరకు దాన్ని మొదటి గడికి తీసుకెళ్లి మళ్లీ కదలనివ్వండి. పాచిక పడ్డాక మాత్రం వెనక్కి తీసుకోవడం ఉండకూడదు, ఎందుకంటే ఫలితం చూసి దారి మార్చుకునే వీలు అక్కడే పుడుతుంది.