మామోగ్రామ్ రిపోర్టులో గుండె గురించి ఏముందో చూసుకోండి

మామోగ్రామ్ తీసే టెక్నీషియన్‌గా నాకిది పద్నాలుగో ఏడు. ప్లేట్ల మధ్య రొమ్ము నొక్కుకుపోతుంటే పళ్లు బిగపట్టి ఓర్చుకునే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాను. అంత ఓర్చుకుని తీయించుకున్నాక, క్యాన్సర్ లేదనగానే ఫైలు బీరువాలోకి పోతుంది. మా అక్కా అంతే చేసింది. రిపోర్టు చివర్లో ‘వాస్కులర్ కాల్సిఫికేషన్, బినైన్’ (రక్తనాళాల్లో సున్నం, క్యాన్సర్ కాదు) అని ఒక చిన్న వాక్యం ఉంది. దాని అర్థం ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్ల తర్వాత ఆ ఫైలు నా చేతికొచ్చింది.

సీడీ పెట్టి చూశాను. నల్లటి తెర మీద రెండు సన్నని తెల్లగీతలు పక్కపక్కనే, రైలు పట్టాల్లా, వంపులు తిరుగుతూ, మధ్యమధ్య తెగుతూ పోతున్నాయి. అవి ఒక ధమనికి రెండు గోడలు. గోడల్లో సున్నం, అంటే కాల్షియం, పేరుకుంది కాబట్టే తెల్లగా కనిపిస్తున్నాయి. క్యాన్సర్‌ని అనుమానించే సున్నం ఇలా ఉండదు, ఉప్పు రవ్వలు ఒకచోట చల్లినట్టు గుంపుగా ఉంటుంది. ఈ పట్టాలకీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం లేదు. అందుకే చాలా రిపోర్టుల్లో వీటి ఊసే ఉండదు.

కానీ గుండెకు సంబంధం ఉంది. కాలిఫోర్నియాలో 60 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 5,059 మంది స్త్రీలను సుమారు ఆరున్నరేళ్లు గమనించి, 2022లో ఫలితాలు ప్రచురించారు. ఈ గీతలు లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పు 51 శాతం ఎక్కువగా తేలింది. అంటే వందలో 51 మందికి వస్తుందని కాదు, దయచేసి భయపడకండి. రొమ్ములో సున్నం ధమని గోడ మధ్య పొరలో చేరుతుంది. గుండె ధమనుల్లో కొవ్వు గడ్డకట్టేది లోపలి పొరలో. కాబట్టి ఇది గుండెలో బ్లాక్ ఉందన్న రుజువు కాదు, గుండెను ఒకసారి చూపించుకోమన్న సూచన.

ముందు పాత రిపోర్టు తీసి ‘వాస్కులర్’ లేదా ‘ఆర్టీరియల్ కాల్సిఫికేషన్’ అన్న మాట ఉందేమో చూడండి. బైరాడ్స్ 2 అని ఉందని ఊరుకోవద్దు, అది రొమ్ములో క్యాన్సర్ అనుమానం లేదని వేసిన అంకె, గుండెకు వేసింది కాదు. ఆ మాట లేకపోతే గీతలు లేవని అనుకోకండి, రాయకపోయి ఉండొచ్చు. రేడియాలజిస్టును సూటిగా అడగండి: ‘రొమ్ము ధమనుల్లో కాల్షియం ఉందా? ఉంటే కొంచెమా, ఎక్కువా?’ దీనికి మళ్లీ ఫొటో తీయక్కర్లేదు, ఉన్నదాన్నే చూసి చెప్పగలరు.

ఉందంటే ఆ కాగితం పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు ఎలాగూ చేస్తారు. వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పాల్సినవి కొన్నున్నాయి: కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా, నలభై లోపే నెలసరి ఆగిపోయిందా, అమ్మానాన్నలకు, తోబుట్టువులకు చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చిందా. కానుపుల నాటి సంగతులు గుండె డాక్టరుకెందుకని మనమే దాచేసుకుంటాం, దాచొద్దు. అవసరమనుకుంటే గుండె ధమనుల కాల్షియం చూసే సీటీ స్కాన్ వాళ్లే రాస్తారు. ఎముకల కోసం వాడుతున్న కాల్షియం మాత్రలు మీకు మీరే మానేయకండి, అడిగి నిర్ణయించుకోండి.

గీతలు లేవన్నా నిశ్చింతగా ఉండిపోవద్దు. పొగతాగేవాళ్లలో ఇవి తక్కువగా కనిపిస్తాయి, వాళ్ల గుండెకేమో ముప్పు ఎక్కువ! గుండె కోసమని ప్రత్యేకంగా మామోగ్రామ్ తీయించుకోనూ వద్దు. ఇక ఛాతీలో బరువు, దవడకో వీపుకో పాకే నొప్పి, చెమటలు, ఉన్నట్టుండి ఆయాసం వస్తే రిపోర్టులు వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

అక్కకు పరీక్షల్లో షుగర్ బయటపడింది, మందులు మొదలుపెట్టారు. వచ్చే నెల మళ్లీ మామోగ్రామ్ ఉంది. పోల్చి చూడ్డానికి పాత సీడీ సంచిలో పెట్టాను, రేడియాలజిస్టును అడగాల్సిన ఆ ప్రశ్న కూడా ఫారం పైన నేనే రాసిపెట్టాను.