పరిసరంలో ప్రవర్తన: స్వయంగా నేర్చుకునే పాఠాలు – 3. ఒకే పాప, రెండు చోట్లు

పది నిమిషాల పరిశీలనను ఎలా రాయాలో గత పాఠంలో అభ్యాసం చేశాం. ‘మొండి’, ‘అల్లరి’, ‘బిడియం’ వంటి మాటలను పక్కన పెట్టి, కంటికి కనిపించిన కదలికనూ చెవిన పడిన మాటనూ మాత్రమే కాగితం మీద పెట్టడం అప్పటి పని. ఇప్పుడు అదే కాగితానికి ఎడమవైపు ఒక గీత గీసి, అక్కడ మిగిలిన చోటులో పిల్ల ఉన్న పరిసరాన్ని కూడా అంతే శ్రద్ధగా రాయడం నేర్చుకుందాం.

ఈ తరహా పరిశీలనకు బాట వేసిన ఊరు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉన్న ఓస్కలూసా. రోజర్ బార్కర్, హెర్బర్ట్ రైట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1947లో ఆ చిన్న ఊరిలో ఒక క్షేత్ర పరిశీలన కేంద్రాన్ని తెరిచారు. పిల్లలను ప్రయోగశాలకు రప్పించి పరీక్షించడానికి బదులు, వాళ్లు తిరిగే చోట్లకే పరిశీలకులు వెళ్లారు. 1949 ఏప్రిల్ 26న ఏడేళ్ల బాలుడొకడు నిద్ర లేచింది మొదలు రాత్రి పక్క ఎక్కే వరకు, పరిశీలకులు వంతులవారీగా వెంట ఉండి అతడు చేసినదంతా రాసి పెట్టారు. ఇటువంటి నోట్లు పోగుపడిన కొద్దీ బార్కర్‌కు ఒక విషయం తేటపడింది: ఒకే చోట ఉన్న ఇద్దరు పిల్లల మధ్య కనిపించే తేడా కన్నా, ఒకే పిల్లవాడు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లినప్పుడు కనిపించే తేడా చాలాసార్లు ఎక్కువగా ఉంటోంది.

ఆయన ‘బిహేవియర్ సెట్టింగ్’ అన్న దానిని ఈ పాఠాల్లో ‘నెలవు’ అందాం. నెలవు అంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు; ఆ వేళకు అక్కడ మామూలుగా జరిగే పనీ, ఆ పనికి తగినట్టు అమరిన వస్తువులూ కలిస్తేనే నెలవు. పొద్దున పూజ వేళ గుడి మంటపం ఒక నెలవు, సాయంత్రం పిల్లలు దాగుడుమూతలు ఆడేటప్పుడు అదే మంటపం మరొక నెలవు. స్తంభాలు మారలేదు, వాటి వెనుక నక్కవచ్చునన్న అనుమతి మారింది.

ఎడమవైపు రాయవలసింది ఇదే: వేళ, జరుగుతున్న పని, దానిని నడిపిస్తున్న వ్యక్తి, ఉన్నవారి సంఖ్య, పిల్ల చేతికి అందేవీ అందనివీ. ‘వాతావరణం బాగాలేదు’ అని రాయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. అది పరిశీలన కాదు, ఫిర్యాదు. ‘ఫ్యాను తిరగడం లేదు, పిల్లలు తలుపు దగ్గరకు జరుగుతున్నారు’ అని రాస్తే అది పరిశీలన.

పాఠం కోసం కూర్చిన ఈ రెండు నోట్లను చూడండి. రెండింటిలోనూ ఉన్నది ఒకే నాలుగేళ్ల పాప.

‘అంగన్‌వాడీ, ఉదయం 10.40. ఒకే గది, చాప మీద 18 మంది. టీచర్ గేయం చెబుతోంది. ఆయా మూలన కూర్చుని ఉడికిన గుడ్ల పెంకు తీస్తోంది. బొమ్మల బుట్ట బీరువా మీద ఉంది. పాప గోడకు ఆనుకుని కూర్చుంది. టీచర్ పేరు పెట్టి పిలిచింది. పాప తల దించి గౌను అంచు నోట్లో పెట్టుకుంది. మళ్లీ పిలిచింది, పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచింది, పాప లేవలేదు.’

‘అమ్మమ్మ బజ్జీల బండి, సాయంత్రం 5.15. అమ్మమ్మ మూకుడు దగ్గర ఉంది. చింపిన కాగితాల కట్ట పాప నడుము ఎత్తున మేకుకు వేలాడుతోంది. ఒకాయన వచ్చాడు. పాప కాగితం లాగి, “అమ్మమ్మా, తాతకి నాలుగంట” అని అరిచింది. “ఉల్లిపాయలు ఏవే?” అని ఆయన అడిగాడు. “అడిగితే ఏస్తాం” అంది పాప.’

మొదటి నోటు ఒక్కటే చేతిలో ఉంటే, ‘ఈ పాపకు బిడియం’ అని ఎవరైనా రాసేస్తారు. రెండవది పక్కన పెట్టి, వాటిలో ఎడమవైపుకు చెందే అంశాలను పోల్చండి. బండి దగ్గర పాపకు ఒక పని ఉంది, ఆ పనికి కావలసిన వస్తువు చేతికందే ఎత్తులో ఉంది, పైగా పనిచేసేవాళ్లు ఇద్దరే కనుక పాప కదలకపోతే బేరం ఆగుతుంది. మనిషి కొరత ఉన్న నెలవు మనిషిని లాగుతుంది. బార్కర్, మరో పరిశోధకుడు పాల్ గంప్ కలిసి కాన్సాస్ హైస్కూళ్లపై చేసి 1964లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది: పెద్ద బడుల్లో కార్యక్రమాల రకాలు ఎక్కువే అయినా, చిన్న బడుల విద్యార్థులే బాధ్యత గల పాత్రల్లో ఎక్కువగా నిలబడ్డారు, చదువులో వెనుకబడిన పిల్లలకు కూడా అక్కడ ‘నువ్వు రాకపోతే కుదరదు’ అన్న పిలుపు అందింది.

అయితే రెండు నోట్లతో తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే ఆ రెండు చోట్ల మధ్య వేళా, జనమూ, అమ్మమ్మ ఉనికీ అన్నీ ఒక్కసారే మారాయి. అందుకే మూడవ నోటు కావాలి, అందులో ఒక్కటే మారాలి. టీచర్ ఒప్పుకుంటే, అదే గదిలో, అదే వేళకు, పళ్లాలు పంచే పని పాపకు అప్పగించమని అడిగి, ఏం జరిగిందో రాయండి. ఏమీ మారకపోతే అదీ రాయండి. నేరమంతా చోటు మీదకే నెట్టడం కూడా ఒక రకం బద్ధకమే. ఆ చాప మీద మిగిలిన 17 మందిలో పేరు పిలవగానే లేచి నిలబడేవారూ ఉండవచ్చు కదా. ప్రవర్తన వ్యక్తి మీదా, పరిసరం మీదా కలిసి ఆధారపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1936లోనే ఒక సూత్రంగా రాశాడు. అందులో ఏ సగాన్ని కొట్టివేసినా లెక్క తేలదు.

పది నిమిషాల నోటు ప్రవర్తనను పట్టుకుంటుంది కానీ ఎదుగుదలను పట్టుకోలేదు. ఎదుగుదలకు నెలలూ ఏళ్లూ కావాలి, అవి ఏ వయసులోని ఏళ్లు అన్నదీ ముఖ్యమే. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లోని అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను చీటీల పద్ధతిలో రెండు జట్లుగా చేసి, ఒక జట్టును పెంపుడు కుటుంబాలకు పంపిన అధ్యయనం ఫలితాలు 2007లో వెలువడ్డాయి. కుటుంబాలకు చేరిన పిల్లల తెలివితేటల కొలతలు మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే చేరినవారిలో ఆ మెరుగుదల ఎక్కువగా కనిపించింది.

ఈ వారం అభ్యాసానికి మీ ఇంట్లోనో, పొరుగునో ఉన్న ఒక పిల్లను పెద్దల అనుమతితో ఎంచుకుని, రెండు నెలవుల్లో పది నిమిషాల చొప్పున చూడండి. నోటులో పేరు రాయవద్దు, వయసు చాలు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఎడమవైపు మారిన ప్రతి అంశం కిందా గీత గీసి, వాటిలో మీరు మార్చగలిగిన ఒక్కదాని చుట్టూ సున్నా చుట్టండి. ఆ కాగితాలను దాచి ఉంచండి. నాలుగవ పాఠంలో పిల్ల అడుగే పెట్టని చోట్లు, అంటే అమ్మ మిరపకాయలు కోయడానికి వెళ్లే చేను, నాన్న రాత్రి షిఫ్టు చేసే మిల్లు, పిల్ల సాయంత్రాన్ని ఎలా మారుస్తాయో చూడడానికి వాటితోనే పని ఉంటుంది.