పోర్క్ చాప్ పాఠం 3: పైన మాడి, ఎముక పక్కన పచ్చిగా మిగిలిన ముక్కల సంగతి

ఈసారి ఓవెన్ మొదలుపెడదాం అనుకున్నా కానీ పక్కన పెట్టేస్తున్నా. ఎందుకంటే రెండో పాఠం చూసి పోర్క్ చాప్ (పంది నడుం భాగంలోంచి ఎముకతో కోసిన మాంసం ముక్క) వండినవాళ్లు చాలామంది ఇంచుమించు ఒకటే చెప్పారు, పైన నల్లగా మాడింది, కోస్తే ఎముక పక్కన పచ్చిగా ఉంది, రెండో చివర పీచుపీచుగా ఎండిపోయింది అని. ఒకే ముక్కలో మూడు రకాలు. ఇది సరిచేసుకోకుండా ఓవెన్‌లోకి వెళ్తే అక్కడా ఇదే జరుగుతుంది. (డిగ్రీలు అని ఎక్కడ రాసినా సెల్సియస్ అనే అర్థం.)

పెనం బాగా కాగాలి, ముక్కని తడి లేకుండా తుడవాలి అని పోయినసారి చెప్పాను కదా, ఆ రెండూ అందరూ చక్కగా చేశారు. చాలామంది దగ్గర తేడా వచ్చింది ఆ తర్వాత, పెనం కాగడానికి పెట్టిన మంటనే చివరిదాకా అలాగే ఉంచేశారు. పెద్ద మంట పని పైన రంగు తేవడం వరకే. లోపలికి వేడి వెళ్లాలంటే మాంసం గుండానే వెళ్లాలి, మాంసం వేడిని చాలా మెల్లగా పంపుతుంది, మీరు మంట రెట్టింపు చేసినా మధ్యభాగం రెట్టింపు వేగంతో ఉడకదు, పైపొర మాత్రం మాడిపోతుంది. పైన ఆ ఎర్రటి రంగు, వాసన రావాలంటే అక్కడ వేడి సుమారు 140 డిగ్రీలు దాటాలి. మధ్యలో మనకి కావాల్సింది 63. కాబట్టి రంగు వచ్చాక మంట తగ్గించి, లోపలికి వేడి చేరడానికి టైమ్ ఇవ్వాలి. రెండు వైపులా రంగు కనపడగానే మీడియం కంటే కాస్త కిందకి తెచ్చెయ్యండి, నూనె చిటపటమంటూ ఉండాలి గానీ పొగ రాకూడదు.

63 ఎక్కడి నుంచి వచ్చిందంటే, అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది మాంసం ముక్కలకి చెప్పే వేడిని 71 నుంచి 63కి తగ్గించింది, దించాక 3 నిమిషాలు వదిలెయ్యాలి అనే షరతుతో. కీమాకి మాత్రం ఇప్పటికీ 71, ఆ రెండూ కలిపెయ్యకండి. ఎనిమిది డిగ్రీలకి ఏమవుతుందిలే అనుకోవద్దు, 66 దాటిన దగ్గర్నుంచి మాంసంలో ఆక్టిన్ అనే ప్రొటీన్ ముడుచుకుంటూ లోపలున్న నీటిని బయటికి పిండేస్తుంది. చాప్ అనేది కొవ్వు తక్కువ ఉండే నడుం భాగం, పోయిన రసాన్ని కవర్ చెయ్యడానికి అందులో వేరే ఏమీ లేదు.

ఇక తిప్పడం. ఒక్కసారే తిప్పాలి, మధ్యలో ముట్టుకోకూడదు అని చాలామంది ఎక్కడో విని అలాగే చేశారు. నేను మాత్రం నిమిషానికోసారి తిప్పుతాను. ఒకవైపే నాలుగు నిమిషాలు ఉంచితే ఆ వైపు పొరలు బాగా ఎక్కువ వేడెక్కి, కోసినప్పుడు అంచున మందంగా బూడిద రంగు పట్టీ కనపడుతుంది, ఆ పట్టీయే ఎండిపోయిన భాగం. తరచూ తిప్పితే పైకి వచ్చిన వైపు కాస్త చల్లబడుతూ ఉంటుంది, అప్పటికే ఎక్కిన వేడి లోపలికి వెళ్తుంది, పట్టీ సన్నబడుతుంది, పైగా కొంచెం తొందరగా కూడా అయిపోతుంది. రంగు రాదేమో అని భయం వద్దు, ముక్క తడి లేకుండా ఉంటే వస్తుంది. తొందరగా రంగు తేవడం వల్ల లోపలి రసం లోపలే సీల్ అయిపోతుంది అనే మాట 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పుణ్యమా అని వ్యాపించింది, అది తప్పని ఎప్పుడో తేలింది. రంగు వచ్చిన పొర దేన్నీ ఆపదు, అది రుచి కోసమే.

ముక్క గిన్నెలా వంగిపోయింది అన్నవాళ్లకి: చుట్టూ ఉన్న కొవ్వు పట్టీ, దాని కింద తెల్లటి పలచటి పొర, ఇవి మాంసం కంటే ఎక్కువ ముడుచుకుంటాయి, లాగేసరికి ముక్క మధ్యలో పైకి లేస్తుంది. లేచిన చోట పెనం తగలదు. అది పచ్చిగా ఉండక ఏం చేస్తుంది. వండేముందు ఆ కొవ్వు అంచుని రెండు మూడు సెంటీమీటర్లకో చోట కత్తితో గాటు పెట్టండి, గాటు తెల్లటి పొర తెగేదాకా వెళ్లాలి, మాంసంలోకి లోతుగా దిగకూడదు. ముక్క వెయ్యగానే మొదటి పావు నిమిషం అట్లకాడతో మెత్తగా అదిమి పట్టుకుంటే పూర్తిగా తగులుతుంది. తర్వాత అదమొద్దు.

ఎముక పక్కన పచ్చి ఎందుకంటే, వేగేకొద్దీ మాంసం ముడుచుకుంటుంది, ఎముక ముడుచుకోదు. అప్పుడు ఎముక పెనానికి ఆనుకుని, పక్కనున్న మాంసం కొద్దిగా గాల్లో ఉండిపోతుంది. దీనికి నేను రెండు పనులు చేస్తా. పట్టకారతో ముక్కని నిలబెట్టి ముందు కొవ్వు అంచు ఒక నిమిషం, తర్వాత ఎముక వైపు ఒక నిమిషం పెనానికి ఆనిస్తా. చివర్లో పెనం కొంచెం వంచి, చేరిన వేడి నూనెని చెంచాతో ఎముక పక్కనే పోస్తూ ఉంటా. వెన్న ఇష్టమైతే ఇప్పుడు వెయ్యండి, మొదట్లో వేస్తే అందులోని పాల పదార్థం మాడి చేదెక్కుతుంది.

మందం గురించి ఎక్కువ చెప్పను. ఒకే మందం ఉన్న ముక్కలు తీసుకోండి, నాకైతే 3 సెంటీమీటర్లు, ఎముకతో. సెంటీమీటర్ కంటే పలచటివి అయితే ఈ పాఠం మొత్తం వాటికి పనికిరాదు, వాటిని ఒకవైపే బాగా రంగు తెచ్చి, రెండోవైపు అలా చూపించి తీసెయ్యడమే. ఒకవైపు మందం, ఒకవైపు పలచన ఉన్న ముక్కయితే మందం వైపు పెనం మధ్యకి, పలచన వైపు అంచుకి. ఇనుప పెనం వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, పోత ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుంది కానీ సమంగా పంచదు, కాబట్టి ముక్క వెయ్యకముందు ఖాళీ పెనాన్ని మీడియం మంట మీద ఏడెనిమిది నిమిషాలు పెట్టి, మధ్యలో ఒకటి రెండుసార్లు పెనాన్నే చుట్టూ తిప్పండి. ఉప్పు ముప్పావుగంట ముందు రాయండి, లేదంటే పెనంలో వేసే క్షణంలో రాయండి, మధ్యలో పది నిమిషాల ముందు రాస్తే నీరు బయటికొచ్చి పైన నిలబడి ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి అరగంట ముందు తీసి పెట్టడం వల్ల మధ్యభాగం వేడి పెద్దగా మారదు, దాని మీద ఆధారపడకండి.

ఇప్పుడు అసలు విషయం, థర్మామీటర్. దీని దగ్గరే నాకు ప్రాణం విసుగుతుంది, ఎందుకంటే కొనుక్కుని మరీ తప్పుగా గుచ్చుతున్నారు. "72 చూపించింది, కోస్తే పచ్చిగా ఉంది, థర్మామీటర్ పాడైంది" అని చెప్పినవాళ్లందరూ పైనుంచి నిలువుగా గుచ్చినవాళ్లే. ముక్క మందమే 3 సెంటీమీటర్లు, పైనుంచి గుచ్చితే మొన మధ్యలో సరిగ్గా ఒకటిన్నర దగ్గర ఆగాలి, చేతి వాటం ఒక్క సెంటీమీటర్ అటూ ఇటూ అయిందంటే మీరు కొలిచేది పెనాన్ని ఆనుకున్న వేడి పొరని. పక్కనుంచి గుచ్చాలి. పెనానికి సమాంతరంగా, ముక్క పక్క గోడలోంచి, మందంలో సరిగ్గా సగం ఎత్తులో, మొన నడిమధ్యకి వెళ్లేలా. గుచ్చేముందు ముక్కని పట్టకారతో పెనం మీంచి పైకి ఎత్తండి, కింద పెనం వేడి తగులుతుంటే చెయ్యి కంగారు పడి అంకె ఆగకముందే తీసేస్తారు.

గుండ్రటి ముల్లు డయల్ ఉన్న పాతరకం వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. దాంట్లో వేడిని పసిగట్టేది మొన ఒక్కటే కాదు, మొన నుంచి దాదాపు 5 సెంటీమీటర్ల కాడ మొత్తం. పైనుంచి ఒకటిన్నర సెంటీమీటర్ దింపితే మిగతా కాడ అంతా గాల్లో ఉంది, అది చూపించే అంకె దేనిదో దేవుడికే తెలియాలి. చాప్‌కి డిజిటల్‌దే వాడండి, మొన సన్నగా ఉన్నది.

మొనని మధ్య దాటేదాకా తోసి, మెల్లగా వెనక్కి లాగుతూ అంకెలు చూడండి. తగ్గుతూ వచ్చి మళ్లీ పెరుగుతాయి. ఆ మధ్యలో కనపడిన అతి చిన్న అంకే మీకు కావాల్సింది, పెద్దది కాదు. ఎముకకి తగిలిందంటే ఆ అంకె లెక్కలోకి రాదు, ఒక సెంటీమీటర్ ఎడంగా మళ్లీ గుచ్చండి. మూడు చోట్ల చూడాలి: నడిమధ్య, ఎముకకి సెంటీమీటర్ దూరంలో, ఎముకకి ఎదురు చివర. గుచ్చితే రసం కారిపోతుంది అని మానేసేవాళ్లున్నారు, సన్నటి మొనకి కారేది ఒకటి రెండు చుక్కలు, ఎక్కువ ఉడికితే పోయేదాని ముందు అది లెక్కే కాదు. మీది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే గ్లాసు నిండా ఐస్ వేసి, కొంచెం నీళ్లు పోసి కలిపి ముంచండి, 0 చూపించాలి. మరిగే నీళ్లతో చూడొద్దు, ఎత్తైన ఊళ్లో నీళ్లు 100 కంటే ముందే మరుగుతాయి. ప్రతిసారీ గుచ్చాక మొనని వేడినీళ్లు, సబ్బుతో కడగండి, పచ్చిదాంట్లో పెట్టింది ఉడికినదాంట్లో పెట్టకూడదు.

ఇదంతా ఎందుకు ఇంతసేపు చెప్పానంటే, "ఎముక పక్కన పచ్చిగా ఉంది" అన్నవాళ్లలో కొందరివి నిజంగా పచ్చివే అయ్యుంటాయి, కొందరివి కావు, లేత గులాబీ రంగు చూసి అలా అన్నారు. 63 దగ్గర పంది మాంసం లోపల కాస్త గులాబీగానే ఉంటుంది. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం, తెల్లగా అయ్యేదాకా ఉంచారంటే ఎండబెట్టినట్టే.

నిమిషాలు చెప్పండి అని అడుగుతారు. 3 సెంటీమీటర్ల ముక్కకి మొత్తం మీద పది నిమిషాలు అటూ ఇటూ పట్టొచ్చు, ఆరో నిమిషం నుంచి గుచ్చి చూడటం మొదలుపెట్టండి. మూడు చోట్లా 60 వచ్చాక దించండి, పైన ఉన్న వేడి లోపలికి వెళ్లి ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. 63 చేరిందని చూసుకుని అక్కడి నుంచి 3 నిమిషాలు లెక్కపెట్టండి. చేరకపోతే మళ్లీ పెనం మీదకే, మొహమాటం లేదు. ఈ టైమ్‌లో జాలీ మీద పెట్టండి, మూత పెట్టొద్దు, ఆవిరికి పైపొర మెత్తబడిపోతుంది, నాకు అది అస్సలు నచ్చదు.

ప్రాక్టీస్. ఒకే మందం ఉన్న రెండు ముక్కలు తీసుకోండి. మొదటిది మీడియం మంట మీద ఒక్కసారే తిప్పి వండండి. రెండోది రంగు వచ్చాక మంట తగ్గించి నిమిషానికోసారి తిప్పుతూ వండండి. రెండింటికీ ఆరో నిమిషం నుంచి ప్రతి రెండు నిమిషాలకీ మూడు చోట్లా అంకెలు కాగితం మీద రాయండి, దించి, 63 చేరి 3 నిమిషాలయ్యాక పైనుంచి కిందకి నిలువుగా కోసి బూడిద రంగు పట్టీ ఎంత మందం ఉందో స్కేల్ పెట్టి కొలిచి పక్కనే రాయండి. రెండో ముక్కలో దించేటప్పుడు మూడు చోట్ల అంకెల మధ్య తేడా 5 డిగ్రీల లోపు ఉండాలి. లేకపోతే ఏ చోట తక్కువగా ఉందో చూసి, ఈసారి ఆ వైపు ఎక్కువసేపు పెనానికి ఆనించి ఇంకో ముక్క వండండి. 5 లోపుకి వచ్చేదాకా నాలుగో పాఠం తెరవకండి, అక్కడ ఓవెన్‌లో 120 డిగ్రీల మీద వండేటప్పుడు ఈ కాగితం పక్కన పెట్టుకునే మొదలుపెడతాం.