బుద్ధుడి ధ్యానం, మన రోజువారీ బతుకు – మూడో పాఠం: ఏమీ తోచనప్పుడు చెయ్యి ఫోన్ మీదికి ఎందుకు పోతుంది?

మొదటి రెండు పాఠాల్లో మనం శరీరం దగ్గరే ఉన్నాం. ముందు ముక్కు దగ్గర ఊపిరి, తర్వాత నడక, మెట్లెక్కడం, కూర్చోవడం. ఎరుకను నిలుపుకోవడం మీద బుద్ధుడి ఉపదేశమైన సతిపట్ఠాన సుత్తంలో ఆయన చెప్పిన వరుస కూడా అదే. (సుత్తం అంటే బుద్ధుడి ఉపదేశం.) ముందు కాయం, అంటే శరీరం, తర్వాత వేదన, ఆ పైన చిత్తం, అంటే మనసు, చివర ధమ్మాలు, అంటే మనసుకు తోచే విషయాలు. ఇవాళ రెండోదానికి వచ్చాం. ఊపిరి మీద పది నిమిషాలు కూర్చోగలుగుతుంటే ఈ పాఠం మొదలుపెట్టొచ్చు. మధ్యలో మనసు పారిపోతోందని దిగులు పడొద్దు, పారిపోయినట్టు మీకు తెలిస్తే చాలు. అది కూడా తెలియడం లేదంటే ఇంకో వారం మొదటి పాఠంలోనే ఉండండి. తొందరేం లేదు.

మామూలుగా మనం వేదన అంటే బాధ అనుకుంటాం. పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాలిలోని సుత్తాల్లో సుఖం, దుఃఖం, రెండూ కానిది, ఈ మూడూ వేదనలే. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం, మనసు, వీటిలో దేనికి ఏది తగిలినా ఈ మూడింటిలో ఒకటి పుడుతుంది. కోపం, అసూయ, దిగులు ఆ తర్వాత వచ్చేవి. వేదన వాటికంటే చిన్నది, వాటికంటే ముందుది. ఆదివారం సాయంత్రం ఫోన్ తెర మీద మేనేజర్ పేరు కనబడుతుంది. మెసేజ్ ఇంకా చదవలేదు, అయినా పొట్టలో ఏదో కాస్త బిగుసుకుంటుంది. ఆ బాగోలేకపోవడమే దుఃఖ వేదన. ‘మళ్లీ ఏం తెచ్చిపెట్టాడో’ అన్న మాట దాని వెనకాల వస్తుంది.

ఇంత చిన్నదాని కోసం ఒక పాఠం మొత్తం ఎందుకంటే, దుఃఖం ఎలా పుడుతుందో చెప్పే పటిచ్చసముప్పాదం అనే కారణాల గొలుసులో మనకు అందుబాటులో ఉన్న చోటు ఇదే. తగిలితే వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల పట్టుకుని వదలకపోవడం. తగలకుండా ఎవరూ ఆపలేరు. చెవులున్నంతకాలం హారన్ వినబడుతుంది, అది ఇంపుగా ఉండదు. బుద్ధుడికి కూడా చివరి రోజుల్లో తీవ్రమైన నొప్పులు వచ్చాయని మహాపరినిబ్బాన సుత్తం దాచకుండా చెబుతుంది. వేదన నుంచి తృష్ణకు వెళ్లే అడుగు మాత్రం తప్పనిసరి కాదు. మన సాధనంతా ఆ అడుగు దగ్గరే.

ఈ మూడు వేదనల గురించి నాకు తెలిసినంతలో అందరికంటే పదునుగా చెప్పింది ధమ్మదిన్న అనే భిక్షుణి. ఆమె మాటలు మజ్ఝిమ నికాయం అనే సుత్తాల సంకలనంలో 44వదైన చూళవేదల్ల సుత్తంలో ఉన్నాయి. అడిగినవాడు విశాఖుడనే ఉపాసకుడు. సన్యాసానికి ముందు ఆమె భర్త ఆయనే అని అట్ఠకథ, అంటే ఆ సుత్తం మీది పాత వ్యాఖ్యానం, చెబుతుంది. భార్యగా ఎరిగిన మనిషి దగ్గర కూర్చుని ఆయన ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు వేస్తుంటే, ఆమె ఎక్కడా తడుముకోదు. సుఖ వేదన ఉన్నంతసేపు సుఖం, మారితే దుఃఖం అంటుంది. దుఃఖ వేదన ఉన్నంతసేపు దుఃఖం, మారితే సుఖం. ఇక రెండూ కానిది తెలిస్తే సుఖం, తెలియకపోతే దుఃఖం. విశాఖుడు వెళ్లి ఇదంతా బుద్ధుడికి చెబితే, నన్నడిగినా ఇదే చెప్పేవాణ్ణి అన్నాడాయన.

ఆ మూడో మాట దగ్గర కాసేపు ఆగుదాం. మన రోజులో ఎక్కువ భాగం ఈ ‘రెండూ కానిదే’. లిఫ్ట్ వచ్చేదాకా నిలబడటం, అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు ప్లాట్‌ఫాం మీద ఆ రెండు మూడు నిమిషాలు, ఫైల్ అప్‌లోడ్ అయ్యేదాకా తెర వంక చూడటం, పప్పు కుక్కర్ మూడో విజిల్ వేసేదాకా ఆగడం. ఇందులో నొప్పీ లేదు, ఆనందమూ లేదు. అది ఉన్నట్టు మనకు తెలియదు కాబట్టి ధమ్మదిన్న చెప్పినట్టే దుఃఖంగా మారుతుంది. దానికి మనం పెట్టుకున్న పేరు బోర్. అప్పుడు చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

అంటే ఫోన్ మనల్ని ఆనందంతో లాగుతోందన్నది సగం నిజమే. చాలాసార్లు మనం ఏమీ లేని చోటు నుంచి పారిపోతున్నాం, దారిలో ఫోన్ దొరుకుతోంది. నోటిఫికేషన్లు ఆపడం, యాప్‌లకు టైమ్ లిమిట్ పెట్టడం మంచి పనులే, తప్పకుండా చెయ్యండి. వాటితో తగిలేవి తగ్గుతాయి. కానీ అన్నీ ఆపేసిన ఫోన్ని కూడా ఊరికే తీసి, తెర వెలిగించి, మళ్లీ జేబులో పెట్టుకునేవాళ్లని మీరు చూసే ఉంటారు. ఆ చెయ్యిని సెట్టింగులు ఆపలేవు.

ఇక సాధన. ఈ వారం రోజుకు పదిహేను నిమిషాలు కూర్చోండి, కుర్చీలో అయినా పర్వాలేదు. మొదటి అయిదు నిమిషాలు ఎప్పటిలాగే ఊపిరి. తర్వాత ఊపిరిని వెనకాల ఉండనిచ్చి, గట్టిగా తగిలేదాన్ని గమనించండి. పక్కింటి మిక్సీ కావచ్చు, మోకాలు కావచ్చు, నిన్నటి మాట కావచ్చు. మనసులో ఒకే ఒక్కసారి అనుకోండి: ‘బాగుంది’, ‘బాలేదు’, లేదా ‘ఏదీ కాదు’. అంతే, మళ్లీ ఊపిరికి వచ్చేయండి. ఎందుకు బాలేదు, ఎవరి వల్ల బాలేదు అన్న విచారణ వద్దు, అది మొదలైతే పదిహేను నిమిషాలూ దానికే సరిపోతాయి. ఏం అనుకోవాలో తోచలేదంటే బహుశా అది మూడోదే.

మోకాలు నొప్పి మొదలైనప్పుడు మంచి అవకాశం. ‘బాలేదు’ అనుకుని కాసేపు దాన్నే చూడండి. ఒకే ముద్దగా ఉందనుకున్న నొప్పి పోటుగా, మంటగా, మధ్యమధ్య కొంచెం ఖాళీగా కనబడుతుంది. ‘ఇంకెంతసేపు, రేపు నడవగలనో లేదో’ అన్న మాటలు వేరే చోట నడుస్తుంటాయి. నొప్పిని, నొప్పి మీద వ్యాఖ్యానాన్ని విడదీయడం ఉత్త మఠాల విద్య కాదు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ధ్యానం కోర్సుకు తొలి రోజుల్లో వచ్చినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి నొప్పులు పడుతున్న రోగులే. ఓర్చుకోలేకపోతే కాలు కదపండి, మొండితనం సాధన కాదు. కదిపేముందు కదపాలన్న కోరికను ఒకసారి చూడండి. కదిపాక వచ్చే హాయిని కూడా వదలకండి. దుఃఖం మారితే సుఖం అని ధమ్మదిన్న చెప్పింది అక్కడే మీ ఒంట్లో తెలుస్తుంది.

రెండో అభ్యాసం ఫోన్‌తో. చెయ్యి ఫోన్ మీదికి వెళ్లినప్పుడు ఆపొద్దు. తాళం తీసేముందు ఒక్క ఊపిరి పీల్చి వదలండి, ఈ క్షణం బాగుందా, బాలేదా, ఏదీ కాదా అని చూడండి. ఆ తర్వాత తెరవాలనిపిస్తే తెరవండి. నిషేధం పెట్టుకుంటే తప్పకుండా తప్పుతారు, తప్పాక సిగ్గేస్తుంది, ఆ సిగ్గు బాలేదు కాబట్టి దాన్నుంచి పారిపోవడానికి మళ్లీ ఫోనే. మొదట్లో రీల్స్‌లో పది నిమిషాలు కొట్టుకుపోయాక గానీ ఈ పాఠం గుర్తురాదు. గుర్తొచ్చిన చోటే అడగండి, ఇప్పుడు చూస్తున్నది బాగుందా అని. తరచుగా వచ్చే జవాబు మిమ్మల్ని కాస్త ఆశ్చర్యపరుస్తుంది. చూస్తున్నది ‘ఏదీ కాదు’, బాగుంటుందని ఆశ పెట్టేది తర్వాతిది.

మూడోది, రోజుకు ఒక ఎదురుచూపు ఖాళీ చేతులతో. ఎక్కడో ముందే నిర్ణయించుకోండి. పాలు కాగేదాకా నిలబడటం నాకు నచ్చిన చోటు, ఎలాగూ పాల మీద ఒక కన్ను ఉండాల్సిందే. అమెరికాలో ఉన్నవాళ్లకు పిల్లల స్కూల్ దగ్గర పికప్ లైన్లో కారు ఆగిన ఆ కాసేపు సరిపోతుంది. పాదాలు నేలకు తగులుతున్న చోటు నుంచి మొదలుపెట్టి, ఏదీ కాని ఆ సమయాన్ని ఏదీ కానిదిగానే తెలుసుకుంటూ ఉండండి. మొదట్లో చిరాకుగానే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ కొందరికి అందులో ఒక నిదానం దొరుకుతుంది. తెలిస్తే సుఖం అన్నది దీన్నే.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు గురించి కూడా చెప్పాలి. ఎన్నికల మీదో, ఊళ్లో స్థలం మీదో బాబాయి ఒక మాట పెడతారు. మీ చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుస్తుంది, వేళ్లు అప్పటికే టైప్ చేస్తుంటాయి. ఫోన్ బోర్లా పెట్టి మూడు ఊపిరులు ఆ వేడిని ఒంట్లోనే చూడండి. ఆ తర్వాత కూడా చెప్పాల్సిన మాట ఉంటే చెప్పండి. నోరు మూసుకోవడమే ధ్యానమని ఎవరూ అనలేదు.

సల్ల సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల మాట చెప్పాడు. మొదటి బాణం ఒంటికి తగిలేది, రెండోది దాని మీద మనసు వేసుకునేది. అప్రైజల్‌లో రేటింగ్ తగ్గడం మొదటిది. రాత్రి పదకొండింటికి ఇంకా మంచం మీద ఆ మీటింగే నడుస్తుంటే అది రెండోది. ఇక్కడొక జాగ్రత్త. మొదటి బాణం వేసినవాడు లేడని దీని అర్థం కాదు. పని భారం తగ్గించకుండా, మనుషుల్ని తీసుకోకుండా, మధ్యాహ్నం అరగంట ధ్యానం క్లాసు పెట్టే ఆఫీసులున్నాయి. టెన్షన్ మీ మనసులో మాత్రమే ఉందని వాళ్లు చెబితే నమ్మకండి. రేటింగ్ అన్యాయమైతే రాతపూర్వకంగా అడగండి. బాగా నిద్రపోయి అడిగితే ఇంకా బాగా అడుగుతారు.

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం చేసినవాళ్లకు ఒక మాట. 1969లో బర్మా నుంచి భారతదేశానికి వచ్చిన విపశ్యన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతిలో మొదటి మూడు రోజులు ఊపిరి చూసి, నాలుగో రోజు నుంచి తల నుంచి పాదాల దాకా ఒంటి సంవేదనలను చూస్తారు. మీకు ఆ అలవాటుంటే అదే కొనసాగించండి, కూర్చున్నప్పుడు రెండు పద్ధతులూ కలపొద్దు. ఫోన్ అభ్యాసం, ఎదురుచూపు అభ్యాసం మాత్రం చేసుకోవచ్చు.

కళ్లు మూసుకుని కూర్చోగానే పాత భయాలు మీద పడుతున్నా, గుండె దడ ఆగకపోయినా కూర్చోవడం ఆపేసి, కళ్లు తెరిచి నడవండి. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మోతాదు మార్చొద్దు. ధ్యానం మందుకు బదులు కాదు.

వచ్చే పాఠంలో చిత్తం. అక్కడ కోపాన్ని, దిగులును పేరు పెట్టి చూస్తాం. అప్పటిదాకా ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, ఆ రోజు ఏదీ కానిదిగా మీకు తెలిసిన ఒక సమయం, అది ఎక్కడ, అప్పుడు చెయ్యి ఏం చేసింది, రాత్రి పడుకునేముందు ఒక్క వాక్యంలో రాయండి. ఏమీ గుర్తులేని రోజు తేదీ ఒక్కటే వేసి వదిలేయండి.